యూనియన్లకి శాంతి చర్చలతో ఏం పని? సీరియస్‌గానే అడుగుతున్నా

రెండోషిఫ్ట్:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. మా యూనియన్ జనరల్ బాడీలో ఒక తీర్మానం రాబోతోంది. టర్కీలో ప్రభుత్వానికీ అక్కడి మైనారిటీ అయిన కుర్దుల సాయుధులకీ మధ్య చర్చలు జరగాలని అక్కడి కార్మిక సంఘాలు ఎన్నాళ్లుగానో అడుగుతున్నాయి కదా, వాళ్లకి మనం సంఘీభావం చెప్పాలి అని. నాకు దాని మీద కోపం ఏం లేదు, శాంతి వద్దనేవాడు ఎవడుంటాడు చెప్పండి. కానీ మా సెక్షన్లో సగం మంది ఒకటే మాట, అరియర్స్ తేలలేదు, కాంట్రాక్టు వాళ్ల రెగ్యులరైజేషన్ అటకెక్కింది, గ్రీవెన్స్ పెడితే ఏడాదికి గానీ పలకరు, ఇవన్నీ వదిలేసి ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని ఇదేంటి అంటున్నారు. నేను స్టీవార్డుని, అంటే సెక్షన్లో యూనియన్ ప్రతినిధిని, జవాబు చెప్పాల్సింది నేనే, చెప్పలేక నవ్వేసి ఊరుకున్నా.

అందుకే అడుగుతున్నా, ఎక్కడైనా నిజంగా యూనియన్లు ఇలాంటి దాంట్లో దిగి ఏమన్నా పీకాయా, లేక ప్రతిసారీ తీర్మానం రాసి చప్పట్లు కొట్టి టీ తాగి వెళ్లిపోవడమేనా? ఇంకోటి, ఇలాంటి గొడవల్లో యూనియన్ సభ్యులే రెండు పక్కలా ఉంటారు కదా, నోరు తెరిస్తే యూనియనే చీలిపోదా? ఉపన్యాసాలు వద్దు ప్లీజ్, జరిగినవి చెప్పండి.

పాత_సెక్రటరీ:

రెండోషిఫ్ట్ గారూ, ఇదే గొడవ మా బ్రాంచిలో మేమూ పడ్డాం, అప్పుడు కూర్చుని చదివింది కొంత ఉంది కాబట్టి కాస్త పెద్దగానే రాస్తా, ఓపికుంటే చదవండి లేకపోతే కిందకి జారిపోండి.

నార్తర్న్ ఐర్లాండ్ చూడండి. 1960ల చివర్లో మొదలై 1998 ఒప్పందం దాకా నడిచింది, 3,500 మంది దాకా పోయారు, అదీ 15 లక్షల చిల్లర జనాభా ఉన్న చోట. ఒక పక్క బ్రిటన్‌తోనే ఉండాలనే వాళ్లు, ఎక్కువగా ప్రొటెస్టెంట్లు, ఇంకో పక్క ఐర్లాండ్‌లో కలవాలనే వాళ్లు, ఎక్కువగా కాథలిక్కులు. వాడలు వేరు, స్కూళ్లు వేరు, చర్చి సంగతి చెప్పక్కర్లేదు, తాగే పబ్బు కూడా వేరు. మరి ఈ రెండు రకాల మనుషులూ రోజుకి ఎనిమిది గంటలు పక్కపక్కన నిలబడేది ఎక్కడయ్యా అంటే పనిలో, అదీ అన్ని చోట్లా కాదు. కానీ చందా పుస్తకంలో మాత్రం రెండు రకాల పేర్లూ ఒకే పేజీలో ఉండేవి. కాబట్టి అక్కడి యూనియన్‌కి ఇది పరాయి గొడవ అయ్యే వీల్లేదు. సభ్యుణ్ణి డ్యూటీ దిగి ఇంటికెళ్తుంటే కాల్చేస్తే అది గ్రీవెన్స్ కాకపోతే మరేంటి?

ఊరికే అనడం లేదు. 1976 జనవరి 5న కింగ్స్‌మిల్ దగ్గర బట్టల మిల్లు వర్కర్లు మినీబస్సులో ఇళ్లకి పోతున్నారు. అంతకు ముందు రోజే ఆ చుట్టుపక్కల రెండు కాథలిక్ కుటుంబాల మీద కాల్పులు జరిగి మనుషులు పోయారు. ఇప్పుడు సాయుధులు బస్సు ఆపి అందర్నీ దింపి మీలో కాథలిక్ ఎవడు అని అడిగారు. ఉన్నది ఒక్కడే. వాణ్ణి చంపడానికే వచ్చారనుకుని పక్కన నిలబడ్డ ప్రొటెస్టెంట్ తోటివాళ్లు నువ్వు కదలకు అని వాణ్ణి ఆపబోయారు. తీరా చూస్తే వచ్చినవాళ్లు రెండో పక్క వాళ్లు, కాథలిక్‌ని రోడ్డెంట పరిగెత్తిపొమ్మని మిగతా 11 మందినీ కాల్చారు, 10 మంది పోయారు, ఒకాయన ఒళ్లంతా గుళ్లు దిగీ బతికాడు. నాకు ఆ ఆపబోయిన చెయ్యే గుర్తుండిపోయింది.

ఇక 1992 జనవరిలో టీబేన్ దగ్గర సైనిక స్థావరంలో పని ముగించుకుని వ్యాన్లో వస్తున్న బిల్డింగ్ వర్కర్లు 8 మంది రోడ్డు పక్క బాంబుకి పోయారు. బాంబు పెట్టింది ఐఆర్ఏ, ఐర్లాండ్‌లో కలవాలని పోరాడిన సాయుధ సంస్థ, వాళ్లు చెప్పిన కారణం ఏంటంటే సైన్యానికి పని చేసేవాడు కూడా శత్రువే అని. అంటే ఆ గోడ కట్టిన తాపీ మేస్త్రి కూడా యుద్ధంలో ఉన్నట్టే లెక్క.

యూనియన్లు ఏం చేశాయి అంటే, ఐరిష్ కాంగ్రెస్ ఆఫ్ ట్రేడ్ యూనియన్స్, అక్కడి యూనియన్ల సమాఖ్య, ఐరిష్ యూనియన్ కాంగ్రెస్ అందాం, 1976లో అందరికీ మెరుగైన బతుకు అనే పేరుతో ఒక క్యాంపెయిన్ మొదలెట్టింది. 1993 అక్టోబర్ ఆఖర్లో ఒక్క వారంలోనే షాంకిల్ రోడ్డు బాంబు, గ్రేస్టీల్ కాల్పులు, అటూ ఇటూ కలిపి 18 మంది పోతే, ఆ నవంబర్‌లో యూనియన్లు పిలుపిచ్చి జనాన్ని పని మధ్యలో వీధుల్లోకి తెచ్చాయి. 1994 ఆగస్టు 31న ఐఆర్ఏ, అక్టోబర్ 13న అవతలి పక్క సంస్థలు కాల్పుల విరమణ ప్రకటించాయి. ర్యాలీ వల్లే వచ్చిందంటే నేనే నవ్వుతా, తెర వెనక ఏళ్ల తరబడి రాయబారాలు నడిచాయి. కానీ బయట జనం విసిగిపోయారన్న సంగతి తుపాకి పట్టుకున్నవాడికి కూడా కనపడాలి కదా, ఎవరో ఒకరు చూపించాలి.

నన్నడిగితే ర్యాలీల కంటే పెద్ద పని ఎవరూ ఫొటో తియ్యనిది. లాకర్ మీద రాతలు, నువ్వు రేపట్నుంచి రాకు అని చీటీలు, జూలైలో ప్రొటెస్టెంట్ల ఉత్సవాలు వచ్చాయంటే షాప్‌ఫ్లోర్ మీద జెండాలూ తోరణాలూ, వాటి కింద నిలబడి పని చెయ్యాల్సిన మైనారిటీ వర్కర్. ఇలాంటి బెదిరింపులతో పోరాడ్డానికే 1990లో కౌంటరాక్ట్ అని ఒక విభాగం పెట్టుకున్నారు. జెండా దింపమన్న స్టీవార్డుకి సాయంత్రం తన వాడలోనే దారి ఉండదు, ఓట్లూ ఉండవు. అయినా కొందరు దింపారు.

గోడమీదపిల్లి:

బాగా రాశారు గానీ సగమే రాశారు సార్. 1974 సంగతి ఎందుకు వదిలేశారు?

మిగతా వాళ్లకి తెలియకపోతే, 1973 ఆఖర్లో సన్నింగ్‌డేల్ ఒప్పందం జరిగి 1974 మొదట్లో రెండు వర్గాలూ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయి, శాంతికి అదే మొదటి మంచి ఛాన్సు. దాన్ని కూల్చింది ఎవరు? వర్కర్లు. అల్‌స్టర్ వర్కర్స్ కౌన్సిల్ అని ప్రొటెస్టెంట్ వర్కర్లు 1974 మే 15న సమ్మె మొదలెట్టారు, బాలీలంఫర్డ్ పవర్ స్టేషన్ వాళ్లు కరెంటు తగ్గించేశారు, రోడ్ల మీద ముసుగులేసుకున్నోళ్లు అడ్డాలు పెట్టారు, 14 రోజుల్లో ప్రభుత్వం కుప్పకూలింది. మధ్యలో బ్రిటన్ మొత్తానికీ పెద్ద యూనియన్ లీడర్ లెన్ మర్రే లండన్ నుంచి స్వయంగా వచ్చి మే 21న బెల్‌ఫాస్ట్‌లో పనిలోకి వెళ్దాం పదండి అని మార్చ్ చేశాడు. వెనకాల ఎంతమంది నడిచారో తెలుసా, 200 మంది. లక్షల సభ్యత్వం ఉన్న సంస్థ!

కాబట్టి కార్మికుడు అనగానే శాంతి పక్షం అని సినిమా చూపించకండి. వాడూ ఇంటికెళ్తే ఒక కులమో మతమో జెండానో ఉన్న మనిషే. బెల్‌ఫాస్ట్ షిప్‌యార్డులో 1920లో కాథలిక్కుల్ని తన్ని తరిమింది కూడా తోటి వర్కర్లే, వాళ్లతో పాటు ఎర్రజెండా పట్టుకున్న ప్రొటెస్టెంట్లని కూడా కుళ్లిపోయినోళ్లు అని పేరెట్టి తరిమారు. రెండోషిఫ్ట్ బ్రదర్ అడిగింది కరెక్ట్, నోరు తెరిస్తే చీలిపోదా అంటే, చీలిపోతుంది.

పాత_సెక్రటరీ:

@గోడమీదపిల్లి ఒప్పుకున్నా, వదిలేయడం తప్పే, నిజానికి నా వాదనకి అసలు కీలకం అక్కడే ఉంది.

1974లో మర్రే అడిగిందేంటి? సమ్మె మానండి అని. వినేవాడికి అది ఎలా వినపడింది? ఈ ఒప్పందాన్ని ఒప్పుకోండి అని. అంటే ఏ దేశంలో ఉండాలి, ఎవరు పాలించాలి అనే దాంట్లో యూనియన్ ఒక పక్క నిలబడ్డట్టయింది. పైగా లండన్ నుంచి దిగి చెప్పడం. ఇప్పుడు 2002 చూడండి. జనవరి 12న తెల్లారే డ్యూటీకి వచ్చిన 20 ఏళ్ల కాథలిక్ పోస్ట్‌మాన్‌ని డిపో గేటు దగ్గరే కాల్చి చంపారు, కాథలిక్ పోస్టల్ వాళ్లనీ టీచర్లనీ అందర్నీ లేపేస్తాం అని బెదిరింపు కూడా. పోస్టల్ వర్కర్లు రెండు వర్గాల వాళ్లూ పని ఆపేశారు, వారం తిరక్కుండా 18న యూనియన్లు పిలుపిస్తే వానలో వేలకి వేలు జనం బెల్‌ఫాస్ట్ సిటీ హాల్ ముందు నిలబడ్డారు. అవే ఊళ్లు, అదే యూనియన్ కాంగ్రెస్. తేడా ఎక్కడంటే ఈసారి అడిగింది మా పోస్ట్‌మాన్‌ని చంపకండి అని, దేశం ఏదన్నది ఎత్తలేదు.

సరిహద్దు, అంటే ఏ దేశంలో ఉండాలి అనే విషయంలో ఐరిష్ యూనియన్ కాంగ్రెస్ నోరు కట్టుకునే కూర్చుంది ఆ ముప్పై ఏళ్లూ, కరవమంటే కప్పకి కోపం విడవమంటే పాముకి కోపం కాబట్టి. చాలామంది దాన్ని పిరికితనం అన్నారు, నాకూ కొన్ని చోట్ల అలాగే అనిపిస్తుంది, కాథలిక్కులకి ఉద్యోగాల్లో జరిగిన అన్యాయం మీద చాలా ఏళ్లు గొంతు తగ్గించే మాట్లాడారు. ఆ లోటు పూడ్చింది ఇనెజ్ మెకార్మాక్ లాంటి వాళ్లు. ఆస్పత్రుల్లో ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, పార్ట్‌టైం ఆడవాళ్లని కూడగట్టిన యూనియన్ నాయకురాలు ఆవిడ, తర్వాత ఐరిష్ యూనియన్ కాంగ్రెస్‌కి మొదటి మహిళా అధ్యక్షురాలు అయ్యారు. 1998 ఏప్రిల్ 10 ఒప్పందంలో సమానత్వం, మానవ హక్కుల సంగతి గట్టిగా పెట్టించడానికి పట్టు పట్టిన వాళ్లలో ఆవిడ ఒకరు. ఆ ఒప్పందం ప్రజల ముందుకి ఓటుకి వెళ్తే నార్తర్న్ ఐర్లాండ్‌లో 71 శాతం అవునన్నారు. 1974లో 200 మంది వెనక నడిచిన చోటే.

రాత్రిబండి:

పాత సెక్రటరీ గారూ మీరు రాసేది చదివితే మీ జనరల్ బాడీలు ఎన్ని గంటలు నడిచేవో అర్థమవుతోంది 😀

అరటిగెల:

నేను కొలంబియా గురించి రెండు ముక్కలు చెప్తా, ఎందుకంటే ఐర్లాండ్‌లో యూనియన్ మధ్యలో నిలబడగలిగింది, కొలంబియాలో మధ్య అనే జాగానే లేదు.

అక్కడ 1970ల నుంచి చంపేసిన యూనియన్ వాళ్లు 3,000 మందికి పైనే. ఎక్కువ మందిని చంపింది పారామిలిటరీలు, అంటే గెరిల్లాలకి వ్యతిరేకంగా తుపాకులు పట్టిన ప్రైవేటు దళాలు. పద్ధతి చాలా సింపుల్, జీతం పెంచమన్నవాడు గెరిల్లా, గెరిల్లా అయితే కాల్చొచ్చు. అర్థమైందా ఎందుకు యూనియన్లకి చర్చలు కావాలో? యుద్ధం నడుస్తున్నంత కాలం బోనస్ అడిగినా దేశద్రోహమే. రెండోషిఫ్ట్ గారి సెక్షన్ వాళ్లు మన గ్రీవెన్సుల సంగతేంటి అంటున్నారు కదా, అక్కడ గ్రీవెన్స్ కాగితం మీద సంతకం పెట్టాలంటేనే ముందు యుద్ధం ఆగాలి. చికిటా అనే అరటిపళ్ల కంపెనీ ఆ పారామిలిటరీలకి దాదాపు 17 లక్షల డాలర్లు ఇచ్చినట్టు 2007లో అమెరికా కోర్టులో తనే ఒప్పుకుని 2.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. కంపెనీ మాట ఏంటంటే మా ఉద్యోగుల రక్షణ కోసమే ఇచ్చాం అని. సరే.

కానీ యూనియన్లని పాలతో కడిగిన ముత్యాలు అనుకోకండి. ఉరబా అని అరటితోటల ప్రాంతం ఉంది, అక్కడ తోట వర్కర్ల యూనియన్లు ఒకటి ఈపీఎల్ అనే గెరిల్లా దళం పలుకుబడిలో, ఇంకోటి ఫార్క్ అనే ఇంకో గెరిల్లా దళం పలుకుబడిలో ఉండేవి. 1991లో ఈపీఎల్ వాళ్లలో ఎక్కువ మంది తుపాకులు దించి పార్టీ పెట్టుకుని యూనియన్‌లో గట్టిగా నిలబడితే, ఫార్క్ వాళ్లని ద్రోహులని వేటాడింది. 1994 జనవరిలో అపర్తాదోలో లా చినీతా అనే పేటలో వీధి వేడుక జరుగుతుంటే కాల్పులు జరిపి 35 మందిని చంపారు. పోయినవాళ్లలో చాలామంది తోట కూలీలే. శాంతి ఒప్పుకున్నందుకు చంపారు. అటు నుంచి పారామిలిటరీలు, ఇటు నుంచి ఫార్క్, మధ్యలో కోత కత్తి పట్టుకున్నవాడు.

ఇంత జరిగాక కూడా వాళ్ల పెద్ద సమాఖ్య, సీయూటీ అంటారు, 2012లో ప్రభుత్వం ఫార్క్‌తో చర్చలు మొదలెడితే సపోర్ట్ చేసింది. బ్రిటన్ యూనియన్లు 2002లోనే జస్టిస్ ఫర్ కొలంబియా అని ఒక సంస్థ పెట్టి అక్కడి హత్యల మీద పని చేస్తున్నాయి, చర్చలు క్యూబాలోని హవానాలో నడుస్తున్నప్పుడు వీళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే నార్తర్న్ ఐర్లాండ్ రాజకీయ నాయకుల్ని, రెండు పక్కల వాళ్లనీ, అక్కడికి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ఒకప్పుడు ఒకడి మొహం ఒకడు చూడనోళ్లు వచ్చి మేం ఇలా చేశాం, ఇక్కడ తప్పు చేశాం అని చెప్తే వినేవాడికి ఎక్కడో తగులుతుంది. నన్నడిగితే బయటి యూనియన్ చెయ్యగలిగిన పని అంటే ఇది, తీర్మానం కాదు.

ఫలితం అంటారా, 2016 అక్టోబర్ 2న ఒప్పందం మీద ప్రజల ఓటు పెడితే వద్దు 50.2, అవును 49.8. తేడా 54,000 ఓట్లు కూడా లేదు, ఓటెయ్యడానికి వచ్చింది 38 శాతం లోపు. మార్పులు చేసి నవంబర్ 24న మళ్లీ సంతకాలు పెట్టుకుని పార్లమెంటులో పాస్ చేయించుకున్నారు, 2017లో ఫార్క్ ఆయుధాలు అప్పగించింది. యూనియన్ వాళ్ల హత్యలు ఆగిపోయాయా? ఆగలేదు. తగ్గాయి. ప్రపంచంలో యూనియన్ వాడికి ప్రమాదకరమైన దేశాల లిస్టులో ఒప్పందం తర్వాత కూడా కొన్నేళ్లు కొలంబియా ఉంది.

గోడమీదపిల్లి:

@అరటిగెల ఆ 54,000 ఓట్ల మాట బాగా చెప్పారు. 38 శాతం కూడా రాలేదంటే యూనియన్లు తమ సొంత సభ్యుల్ని అయినా పోలింగ్ బూత్ దాకా తీసుకెళ్లాయా అని నా డౌటు. సపోర్ట్ చేస్తున్నాం అని ప్రెస్‌మీట్ పెట్టడం వేరు, ఆదివారం పూట లేపి తీసుకెళ్లడం వేరు.

అరటిగెల:

మీ డౌటు న్యాయమైనదే. కానీ అక్కడ పనిచేసేవాళ్లలో యూనియన్లో ఉన్నవాళ్లే చాలా తక్కువ, ఎందుకు తక్కువో పైన 3,000 అంకె చూడండి.

తెల్లచొక్కా:

అసలు తీర్మానం టర్కీ గురించి కదా, ఎవరూ అక్కడికి రాలేదు కాబట్టి నేను రాస్తున్నా.

2013 నుంచి ప్రభుత్వానికీ పీకేకే అనే కుర్దు సాయుధ సంస్థకీ మధ్య చర్చల ప్రక్రియ ఒకటి నడిచింది, 2015 జూలైలో కూలిపోయింది, మళ్లీ కాల్పులు, కర్ఫ్యూలు. అప్పుడు డిస్క్, కెస్క్ అనే రెండు కార్మిక సమాఖ్యలు, ఇంజనీర్లు ఆర్కిటెక్టుల సంఘం, డాక్టర్ల సంఘం, నాలుగూ కలిసి శ్రమ శాంతి ప్రజాస్వామ్యం అని అంకారాలో 2015 అక్టోబర్ 10న ర్యాలీ పెట్టాయి. రైల్వే స్టేషన్ ముందు జనం పోగవుతున్నారు, కొంతమంది చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతున్నారు, అప్పుడు ఇద్దరు ఆత్మాహుతి దాడి చేశారు. ఐసిస్ వాళ్లు. 100 మందికి పైగా పోయారు, ఆధునిక టర్కీ చరిత్రలో అంత పెద్ద బాంబు దాడి లేదు. శాంతి కావాలి అని రాసున్న బ్యానర్లనే తర్వాత శవాల మీద కప్పారు.

అయినా ఊరుకోలేదు వాళ్లు, డిసెంబర్ 29న శాంతి కావాలని ఒక రోజు సమ్మె చేశారు. దానికి మూల్యం తర్వాత కట్టాల్సి వచ్చింది. 2016 జూలైలో సైనిక తిరుగుబాటు విఫలమయ్యాక ఎమర్జెన్సీ పెట్టారు కదా, ఆ సెప్టెంబర్‌లో 11,000 మందికి పైగా టీచర్లని పీకేకేతో సంబంధాలున్నాయని సస్పెండ్ చేశారు, వాళ్లలో ఎక్కువ మంది ఎయితిమ్ సెన్ అనే టీచర్ల యూనియన్ సభ్యులు. చాలామందిని తర్వాత వెనక్కి తీసుకున్నారు, కొందరి ఉద్యోగాలు పోనే పోయాయి. ఎమర్జెన్సీ డిక్రీలతో మొత్తం ప్రభుత్వ ఉద్యోగాలు పోయినవాళ్లు లక్ష మంది పైనే, అందరూ ఈ గొడవతో సంబంధం ఉన్నవాళ్లు కాదనుకోండి. డిక్రీలో పేరొస్తే మళ్లీ ప్రభుత్వ ఉద్యోగం లేదు, పాస్‌పోర్టు రద్దు.

ఇప్పుడు చూస్తే 2025 ఫిబ్రవరి 27న జైల్లో ఉన్న పీకేకే వ్యవస్థాపకుడు ఒజలాన్ ఆయుధాలు వదిలి సంస్థని రద్దు చెయ్యండి అన్నాడు, మే నెలలో పీకేకే సరే రద్దు అని ప్రకటించింది, జూలైలో ఉత్తర ఇరాక్‌లో ఓ 30 మంది తుపాకులు తెచ్చి కుప్పేసి తగలబెట్టారు. పదేళ్ల కింద అంకారాలో వాళ్లు అడిగిన మాటే ఇవాళ ప్రభుత్వమే మాట్లాడుతోంది. మరి అడిగినందుకు ఉద్యోగం పోయిన టీచర్ సంగతేంటి?

రెండోషిఫ్ట్:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు, లంచ్‌లో సగం ఇప్పుడు సగం చదివా.

తీర్మానం డ్రాఫ్ట్ మళ్లీ తీసి చూశా. మొత్తం ఒకటిన్నర పేజీ, శాంతి అనే మాట 14 సార్లు ఉంది లెక్కపెట్టా, ఉద్యోగాలు పోయిన వాళ్ల గురించి ఒక్క లైను లేదు. ఇంకో చోట రాజకీయ పరిష్కారం ఎలా ఉండాలో కూడా మావాళ్లే రాసేశారు, ఏ చట్టం మార్చాలి, ఎవరికి ఏ అధికారం ఇవ్వాలి అని, అది చూడగానే 1974 లెన్ మర్రే గుర్తొచ్చాడు. ఆ పేరా తీసెయ్యమని సవరణ పెడతా. దాని బదులు చర్చలు అడిగినందుకు తీసేసిన టీచర్లని తిరిగి తీసుకోవాలి అని ఒక లైను, అది మా సెక్షన్ వాళ్లకి నేను రెండు నిమిషాల్లో చెప్పగలను, సస్పెన్షన్ అంటే ఏంటో వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

@తెల్లచొక్కా ఆ టీచర్ల యూనియన్ పేరు తెలుగులో ఎలా రాయాలో కరెక్ట్‌గా చెప్పరా, తీర్మానంలో తప్పు పడితే మా ప్రెసిడెంట్ గారు దాని మీదే అరగంట మాట్లాడతారు.

తెల్లచొక్కా:

ఎయితిమ్ సెన్. ఎయితిమ్ అంటే విద్య, సెన్ అంటే సెండికా, యూనియన్ అని. మధ్యలో అక్షరం గ లాగా రాస్తారు గానీ పలకరు.

గోడమీదపిల్లి:

ఆ సవరణ పెడితే నేనైతే చెయ్యెత్తుతా. కానీ ఎజెండాలో మూడో ఐటెంగా పెట్టించండి, మొదటిది అరియర్స్. ఆఖర్న పెడితే అప్పటికి కోరం ఉండదు.